పాలస్తీనా పోరులోకి లెబనాన్ ఎలా వచ్చింది?

ప్రశ్న: ఇజ్రాయెల్‌కూ పాలస్తీనీయులకూ మధ్య పోరు చెలరేగిన ప్రతిసారీ లెబనాన్, యెమెన్, ఈజిప్టు వంటి దేశాలు కూడా అందులో చిక్కుకుంటున్నాయి. దీనికి మతాభిమానమే కారణమా? – ఒక పాఠకురాలు

జవాబు: మతాభిమానం లేదని అనలేము గాని, దానికంటే బలమైన కారణం శరణార్థుల సమస్య. ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి 1948 యుద్ధంలో సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్ళూ పొలాలూ విడిచి గాజాకూ, వెస్ట్ బ్యాంకుకూ, జోర్డాన్, సిరియా, లెబనాన్‌లకూ చేరారు. వారు తిరిగి వెళ్ళేందుకు వీలు కల్పించాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆ ఏడాది డిసెంబరులోనే 194వ తీర్మానం చేసినా అది నేటికీ అమలు కాలేదు.

ఈ భారం అందరికంటే లెబనాన్‌నే ఎక్కువగా కుంగదీసింది. అక్కడ అధ్యక్షుడు మెరోనైట్ శాఖకు చెందిన క్రైస్తవుడుగా, ప్రధాని సున్నీగా, పార్లమెంటు సభాపతి షియాగా ఉండాలన్నది 1943 నాటి ఒడంబడిక. వచ్చిన శరణార్థుల్లో అత్యధికులు సున్నీలు కావడంతో, పౌరసత్వమిస్తే ఆ పొత్తు చెదిరిపోతుందన్న భయం వారిని తరతరాలుగా శిబిరాలకే పరిమితం చేసింది. 1970లో జోర్డాన్ సైన్యంతో తలపడి ఓడిన పాలస్తీనా సాయుధ దళాలు లెబనాన్‌కు తరలివచ్చాయి. అప్పటికే అంతర్గత వైషమ్యాలతో రగులుతున్న ఆ దేశంలో 1975లో మొదలైన అంతర్యుద్ధం పదిహేనేళ్ళు సాగింది. పాలస్తీనా విమోచన సంస్థను తుదముట్టించాలని 1982లో ఇజ్రాయెల్ సేనలు బీరూట్ దాకా వచ్చాయి. ఆ సంస్థ నాయకత్వం ట్యునీషియాకు వెళ్ళిపోయింది గాని, ఆ ఆక్రమణను ఎదిరిస్తూ ఇరాన్ అండతో హిజ్బుల్లా అనే షియా సాయుధ సంస్థ పుట్టుకొచ్చింది. ఒక శత్రువును తరిమి అంతకంటే బలమైన శత్రువును తెచ్చుకున్న ఆ దండయాత్ర, నా దృష్టిలో, ఈ ప్రాంత చరిత్రలోనే అత్యంత అనర్థదాయకమైన నిర్ణయాల్లో ఒకటి.

2023 అక్టోబరు 7న గాజాను ఏలుతున్న పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ ఇజ్రాయెల్‌పై దాడి చేసి సుమారు 1,200 మందిని చంపిన మర్నాడే హిజ్బుల్లా సరిహద్దు మీదుగా కాల్పులు ప్రారంభించింది. అది లెబనాన్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం కాదు. అయినా మరుసటి ఏడాది శరత్కాలానికి 10 లక్షలకు పైగా లెబనాన్ పౌరులు ఊళ్ళు విడవవలసి వచ్చింది. ఉత్తర ఇజ్రాయెల్‌లోనూ వేలాది కుటుంబాలు నెలల తరబడి ఇళ్ళకు దూరమయ్యాయి.

ఇక యెమెన్ సంగతి. ఇజ్రాయెల్ దాడులకు గురైన గాజాకు మద్దతుగా అంటూ అక్కడి సాయుధ తిరుగుబాటుదారులైన హూతీలు 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులకు దిగడంతో, అనేక నౌకా సంస్థలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళే దారి పట్టాయి. ఎర్ర సముద్రం దారి పట్టే ఓడలు దాటేది ఈజిప్టులోని సూయెజ్ కాలువనే. దాంతో, 1979లోనే ఇజ్రాయెల్‌తో శాంతి ఒప్పందం చేసుకుని, ఈ యుద్ధంలో తుపాకీ ఎత్తని ఈజిప్టుకు 2023లో 1,000 కోట్ల డాలర్లు దాటిన సూయెజ్ కాలువ ఆదాయం 2024లో సుమారు 400 కోట్లకు పడిపోయింది.

అంత నష్టపోయినా, 2025 ఆరంభంలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ గాజా ప్రజలను తమ దేశాలకు తరలించాలన్నప్పుడు ఈజిప్టూ జోర్డానూ ససేమిరా అన్నాయి. కొందరు దాన్ని కాఠిన్యమన్నారు. కాని 1948లో వెళ్ళినవారి మనవలు ఇంకా శిబిరాల్లోనే ఉండగా, ఈసారి వెళ్ళినవారిని తిరిగి రానిస్తారని ఆ ప్రభుత్వాలు ఏ భరోసాతో నమ్మాలి?