చిక్కమగళూరు మొక్క చింతపల్లిలో వేస్తే చిక్కమగళూరు రుచి వస్తుందా?

ప్రశ్న: నేను బెంగళూరులో జాబ్ చేస్తున్నా సార్. మా నాన్నకి చింతపల్లి దగ్గర కొంచెం అరబికా కాఫీ తోట ఉంది, అన్నీ పాత చెట్లే, నీడకి సిల్వర్ ఓక్, వాటి మీద మిరియాలు. పోయిన పంట గింజలు ఇక్కడ ఇందిరానగర్‌లో కాఫీ గింజలు వేయించి అమ్మే ఒక రోస్టర్‌కి చూపిస్తే పులిసిన వాసన వస్తోంది, చిక్కమగళూరు గింజలా లేదు అన్నాడు. పాత చెట్లు కొట్టేసి చంద్రగిరి అనే రకం మొక్కలు వేద్దామని నాన్న అంటున్నాడు. వేస్తే ఆ రుచి వస్తుందా?

జవాబు: ముందు నాన్నగారికి ఫోన్ చేసి చెట్లు కొట్టే పని ఆపమనండి, ఇవాళే చెయ్యండి. పులిసిన వాసన అని రాశారు చూడండి, అది రకం వల్ల వచ్చేది కాదు, నేల వల్ల వచ్చేదీ కాదు. కోసిన పండు రాత్రంతా సంచిలో ఉండిపోయినా, పల్పింగ్ అయ్యాక, అంటే పండు తోలు తీశాక, గింజ మీది జిగురు పోవడానికి నానబెట్టింది మరీ ఎక్కువసేపు వదిలేసినా, తడి గింజ కుప్పగా పడి ఉన్నా వస్తుంది. ఇవి మారకపోతే చంద్రగిరి వేసి మూడు నాలుగేళ్లు ఆగి కోసినా ఆ రోస్టర్ మళ్లీ ఇదే మాట అంటాడు.

ఇంక ఊరు సంగతి. అరబికాకి 1000 నుంచి 1500 మీటర్ల ఎత్తు బాగా నప్పుతుంది, పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది కాబట్టి పండు నిదానంగా పండుతుంది, గింజలోకి చక్కెరలు బాగా చేరతాయి, గింజ గట్టిపడుతుంది, కప్పులో పండులాంటి పులుపూ తీపీ అక్కడి నుంచే వస్తాయి. చిక్కమగళూరు పక్కనున్న బాబాబుడన్‌గిరి కొండల వాలు తోటలకి ఆ ఎత్తు ఉంది. మీ వైపు తోటలు ఎక్కువగా 900 నుంచి 1100 మధ్యలో ఉంటాయి. కానీ ఎత్తు ఒక్కటే చూస్తే మీ ఊరికి అన్యాయం చేసినట్టే. చిక్కమగళూరు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర, చింతపల్లి దాదాపు 18 దగ్గర ఉన్నాయి, ఉత్తరానికి జరిగేకొద్దీ చలికాలం గట్టిగా ఉంటుంది. లంబసింగి చలి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు కదా, సరిగ్గా పండు రంగు తిరిగే నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఆ చలి పడుతుంది, ఎత్తు తక్కువైన లోటు కొంత అలా తీరుతుంది. 2019లో చిక్కమగళూరు, కూర్గ్, బాబాబుడన్‌గిరి అరబికాలతో పాటే మీ వైపు అరకు వ్యాలీ అరబికాకి కూడా జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు, వచ్చింది, ఎవరి రుచి వాళ్లదే అని అర్థం. మీ గింజ చిక్కమగళూరులా ఉండక్కర్లేదు, శుభ్రంగా ఉంటే చాలు.

మీ వైపు అసలు ఇబ్బంది చలి కాదు, వాన. కర్ణాటకలో నైరుతి వానలు తగ్గాక కోత మొదలవుతుంది, ఆరబెట్టడానికి ఎండ దొరుకుతుంది. మీకు అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో తుఫాను లేచిందంటే కోత టైంలోనే ముసురు పడుతుంది, గింజ ఆరదు, బూజు పడుతుంది, వాసన మారుతుంది. ఊరు రుచిని మార్చేది ఇలా కూడా, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అందుకే నేల మీద టార్పాలిన్ కాకుండా నడుమెత్తులో వల మంచె కట్టి, పైన వాన కవరు వేసి, పల్చగా పరిచి, గంటకోసారి తిప్పమనండి. తేమ 10 శాతానికి వచ్చేదాకా సంచికెత్తొద్దు. నానబెట్టడం కూడా గడియారం చూసి చెయ్యొద్దు, చలిలో ఎక్కువ గంటలు పడుతుంది, వెచ్చగా ఉంటే తొందరగా అయిపోతుంది. గుప్పెట్లో పట్టి రుద్దితే జారకుండా గరగరలాడాలి, అప్పుడు వెంటనే కడిగేయాలి.

రకం సంగతి కూడా చెప్తా. చంద్రగిరి మంచి రకమే, బాలెహొన్నూరు కాఫీ పరిశోధన కేంద్రం 2007లో విడుదల చేసింది, విల్లా సార్చీ, టిమోర్ హైబ్రిడ్ అనే రెండు కాఫీ రకాలకి పుట్టింది. పొట్టిగా గుబురుగా పెరుగుతుంది, ఆకు తుప్పు తెగులుని బాగా తట్టుకుంటుంది, గింజ కూడా లావే. కానీ దాన్ని తెచ్చేది ముఖ్యంగా తెగులు కోసం, దిగుబడి కోసం. రుచి కోసమే అయితే నేను సెలక్షన్ 9 అనే రకం వైపు చూస్తాను, దాంట్లో ఇథియోపియా నుంచి వచ్చిన టఫారికెలా రకం రక్తం ఉంది, కప్పులో రుచి బాగుంటుంది. మీ పాత చెట్లు ఏ రకమో రాయలేదు. పొడుగు చెట్లయితే సెలక్షన్ 795 అనే రకం అయ్యుండే అవకాశం ఉంది, అదైతే అస్సలు తియ్యొద్దు, 1940ల నుంచి మన దేశంలో మంచి కాఫీ రుచి అంటే ముందు చెప్పేది దాని పేరే. కాండం తొలుచు పురుగు పట్టి చచ్చిన చెట్ల ఖాళీల్లో మాత్రం కొత్త మొక్కలు వేసుకోండి.

ఈసారి కోతలో ఒక్క పని చేసి చూడండి. పూర్తిగా ఎర్రబడిన పండు మాత్రమే కోసి, నీళ్లలో వేసి తేలినవి తీసేసి, అదే రోజు పల్పింగ్ చేసి, ఆ లాట్‌ని విడిగా ఆరబెట్టండి. మిగతాది మామూలుగా చెయ్యండి. రెండూ బెంగళూరు తెచ్చుకుని ఒకేలా వేయించి, చికోరీ లేకుండా, పాలు లేకుండా తాగి చూడండి, చికోరీ కలిపితే మంచీ చెడూ రెండూ కప్పబడిపోతాయి. తర్వాత అదే రోస్టర్‌కి పేరు చెప్పకుండా రెండూ ఇవ్వండి. కాఫీ బోర్డు ఆఫీసు కూడా బెంగళూరులోనే ఉంది, అక్కడ క్వాలిటీ విభాగం వాళ్లకి శాంపిల్ ఎంత కావాలో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. తెచ్చేటప్పుడు గింజని పార్చ్‌మెంట్‌తోనే, అంటే పైనున్న ఎండు పొట్టు తీయకుండానే, తీసుకురండి, ఇంట్లో గానీ బస్సులో గానీ మిరియాల బస్తా పక్కన పెట్టొద్దు, కాఫీ గింజ పక్కనున్న వాసన ఇట్టే పట్టేస్తుంది.