ఎల్‌సీఎస్‌డబ్ల్యూ క్లినికల్ పరీక్ష: రెండు జవాబుల మధ్య ఆగిపోతున్నారా?

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి డాలస్ వచ్చారు. ఎల్‌ఎంఎస్‌డబ్ల్యూగా, అంటే మాస్టర్స్ స్థాయి సోషల్ వర్క్ లైసెన్సుతో, మూడు వేల గంటల పని పూర్తి చేశారు. ఇంకో పన్నెండు వారాల్లో క్లినికల్ పరీక్ష, అంటే థెరపీ చేసే క్లినికల్ సోషల్ వర్కర్ లైసెన్సు (ఎల్‌సీఎస్‌డబ్ల్యూ) కోసం రాసేది. ఉద్యోగం, చిన్నపాప, రోజుకు గంటన్నర మించి దొరకదు. ప్రాక్టీస్ ప్రశ్నల్లో ప్రతిసారీ చివరికి రెండు జవాబులు మిగులుతున్నాయి, అందులో తప్పుదే పెడుతున్నాను, ఇంకా ఏం చదవాలి అని అడిగారు.

నేను వైజాగ్‌లో ఎంఎస్‌డబ్ల్యూ చేశాను. ఆ డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమని సీఎస్‌డబ్ల్యూఈ (ఇక్కడ సోషల్ వర్క్ చదువులకు గుర్తింపునిచ్చే సంస్థ) దగ్గర ధ్రువీకరణ తెచ్చుకుని, మీలాగే టెక్సస్‌లో ఒక్కో మెట్టూ ఎక్కాను. క్లినికల్ పరీక్ష మొదటిసారి తప్పాను. 102 రావాలి, 98 వచ్చాయి. మళ్లీ రాయడానికి 90 రోజులు ఆగాల్సి వచ్చింది, ఫీజు 260 డాలర్లు మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆ 90 రోజుల్లో నాకు అర్థమైంది చెప్తాను. అది ఇంకా ఏం చదవాలన్న మీ ప్రశ్నకు నేరుగా జవాబు కాదు. ఎందుకంటే మీకు చదువు తక్కువై తప్పులు వస్తున్నాయని నాకు అనిపించడం లేదు.

మొదటిసారి నేను దాదాపు రెండు వేల ప్రాక్టీస్ ప్రశ్నలు చేశాను. రోజుకు ఎన్ని చేశానో లెక్కపెట్టుకున్నాను గానీ, తప్పు పెట్టినవి ఎందుకు తప్పాయో ఒక్కసారి కూడా రాసుకోలేదు. తప్పిన తర్వాత ఒక ఆదివారం ఆ పాత తప్పులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. విషయం తెలియక తప్పినవి కొన్నే. మిగతా చోట్ల నేను ఇంటి పెద్దకూతురిలా జవాబు పెట్టాను.

ఒక ఉదాహరణ చెప్తాను, నేను అల్లిందే. ఒక కొడుకు తన 78 ఏళ్ల తండ్రిని తీసుకొస్తాడు. నాన్నను నర్సింగ్ హోమ్‌లో, అంటే ఇక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో, చేర్చాలి అంటాడు. తండ్రి వద్దంటాడు. సోషల్ వర్కర్ ముందుగా ఏం చేయాలి? నా చెయ్యి నేరుగా 'కుటుంబ సభ్యులందరితో సమావేశం' మీదకు పోయేది. మన ఇళ్లలో పెద్ద నిర్ణయాలు అలాగే జరుగుతాయి, అందులో తప్పేమీ లేదు. కానీ పరీక్ష కోరేది తండ్రితో విడిగా మాట్లాడటం. ఆయన కోరిక ఏమిటి, ఆ నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఆయనకు ఉందా అని ముందు తెలుసుకోవాలి. క్లయింటు ఎవరు అన్న ప్రశ్న అక్కడే తేలిపోతుంది.

ఇంకొకటి. ఒక ఆమె సెషన్‌లో, రాత్రి భర్త కొట్టాడు, అయినా ఇంటికే వెళ్తాను అంటుంది. వెంటనే షెల్టర్‌కు పంపాలని, పోలీసులకు ఫోన్ చేయాలని మనసు కొట్టుకుంటుంది. ఆమె వయోజనురాలు, నిర్ణయం ఆమెది. ఇప్పుడు ఎంత ప్రమాదం ఉందో అంచనా వేయడం, ఆమెతో కలిసి భద్రతా ప్రణాళిక తయారు చేయడం మన పని. అదే కథలో పిల్లవాడికి దెబ్బలు తగిలాయన్న మాట వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది, రిపోర్టు చేసి తీరాలి. ఆ ఒక్క వాక్యం ప్రశ్న మధ్యలో ఎక్కడో ఉంటుంది, తొందరలో కళ్లు దాటేస్తాయి.

మూడోది. ఆరు నెలలుగా నీరసం, బరువు పెరగడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, డాక్టరును చూసి ఏళ్లయింది. నేను డిప్రెషన్ అని థెరపీ మొదలుపెట్టేదాన్ని. ముందు వైద్య పరీక్షకు పంపాలి. థైరాయిడ్ తక్కువైనా అచ్చం ఇలాగే ఉంటుంది.

అందుకే రెండోసారి ఒక నోటుబుక్కు పెట్టాను. రోజుకు 20 ప్రశ్నలే. తప్పిన ప్రతిదానికీ తెలుగులో ఒక వాక్యం: 'ఇక్కడ నేను ఎవరిలా ఆలోచించాను?' అమ్మలాగా, అక్కలాగా, ఆఫీసులో కేసు త్వరగా ముగించాలనుకునే ఉద్యోగిలాగా. మూడు వారాలకే నా తప్పులు నాలుగైదు రకాలేనని కనిపించింది. సలహా ఇచ్చేయడం, కుటుంబాన్ని లాగడం, అంచనా వేయకముందే పని మొదలెట్టడం, క్లయింటు బాధ పడుతుంటే వెంటనే ధైర్యం చెప్పేయడం. ఈ చివరిది వదిలించుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. 'ఏం కాదులే' అనడం మనకు ప్రేమ. పరీక్షలో మాత్రం ఆ బాధను ముందు విని, గుర్తించి, దాని గురించి ఇంకా అడిగే జవాబే సరైనదిగా వస్తుంది.

ప్రశ్న చివర ఫస్ట్, నెక్స్ట్, బెస్ట్, మోస్ట్ అనే మాటలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఫస్ట్ అన్నప్పుడు అన్ని జవాబులూ మంచి పనులే కావచ్చు, అడిగేది వరస. ప్రాణానికి ప్రమాదం ఉందా, ఒంటి జబ్బు కావచ్చా, నాకు ఇంకా తెలియనిది ఏముంది, ఆ తర్వాతే చికిత్స. నేను మొదట చివరి వాక్యం చదివి, తర్వాత కథ చదివేదాన్ని. నెక్స్ట్ అంటే కథలో ఇప్పటికే ఏం చేసేశారో వేలు పెట్టి చూసుకోవాలి. అంచనా అప్పటికే అయిపోతే మళ్లీ అంచనా అనే జవాబు తప్పు.

టెక్సస్‌లో పని చేసినవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు టారాసాఫ్ కేసులో, క్లయింటు వల్ల ఒక మనిషికి తీవ్రమైన ప్రమాదం ఉందని తెలిస్తే ఆ మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టు మీద ఉంటుందని చెప్పింది. టెక్సస్ సుప్రీంకోర్టు 1999లో థాపర్ వర్సెస్ జెజుల్కా కేసులో అలాంటి బాధ్యతను ఒప్పుకోలేదు. ఇక్కడి చట్టం పోలీసులకో వైద్య సిబ్బందికో చెప్పడానికి అనుమతి మాత్రమే ఇస్తుంది. మన సూపర్‌వైజర్లు ఇదే నేర్పుతారు, పనిలో ఇదే సరైనది. కానీ క్లినికల్ పరీక్ష అన్ని రాష్ట్రాలకూ ఒకటే. అక్కడ ఎన్‌ఏఎస్‌డబ్ల్యూ (అమెరికా సోషల్ వర్కర్ల సంఘం) నీతి నియమావళిని, టారాసాఫ్‌ను మనసులో పెట్టుకోండి. టెక్సస్ చట్టాల మీద జూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష వేరే ఉంటుంది, ఈ చట్టం అక్కడికి ఉంచండి.

ఇక చదవాల్సిన భాగం. నేను రాసినప్పుడు ప్రశ్నల్లో అంచనా, రోగ నిర్ధారణ, చికిత్సా ప్రణాళికకు 30 శాతం, థెరపీ, కేస్ మేనేజ్‌మెంట్‌కు 27, మానవ వికాసం, వైవిధ్యానికి 24, నీతికి 19 ఉండేవి. మానసిక రోగాల నిర్ధారణకు వాడే పుస్తకం డీఎస్‌ఎం-5-టీఆర్ మొత్తం చదవకండి, గంటన్నరలో కుదరదు. ఏ జబ్బుకు లక్షణాలు ఎంతకాలం ఉండాలన్న కాలవ్యవధులు పట్టుకోండి. నేను వాటిని మన లెక్కలతో గుర్తుపెట్టుకున్నాను. ఘోరమైన సంఘటన తర్వాత వచ్చే అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ 3 రోజుల నుంచి నెల దాకా: చిన్నదినం నుంచి మొదటి మాసికం. నెల దాటితే పీటీఎస్‌డీ. 2022లో కొత్తగా చేరిన ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ (అయినవాళ్లు పోయిన దుఃఖం తగ్గకపోవడం) పెద్దవాళ్లకు 12 నెలలు: సంవత్సరీకం అయ్యాక. పిల్లలకు 6 నెలలే. అయితే ఏడాది దాటినంత మాత్రాన జబ్బు కాదు, గత నెల రోజులుగా దాదాపు రోజూ ఆ లక్షణాలు ఉండాలి. మా నాన్నగారు చనిపోయిన ఏడాదే ఇది చదివాను, అందుకేనేమో మరిచిపోలేదు. మేనియా (అదుపు లేని ఉత్సాహం) వారం, దానికన్నా తక్కువ తీవ్రత ఉన్న హైపోమేనియా 4 రోజులు. భ్రమలు, భ్రాంతులు ఉండే జబ్బుల్లో బ్రీఫ్ సైకోటిక్ నెల లోపు, స్కిజోఫ్రెనిఫామ్ ఆరు నెలల లోపు, ఆ పైన స్కిజోఫ్రెనియా.

భాష గురించి కూడా చెప్పాలి. మనకు ఇంగ్లిష్ వచ్చు, పనిలో ఇబ్బంది లేదు. అయినా కొన్ని మాటలు మన చెవికి వేరేగా తగులుతాయి. 'కన్‌ఫ్రంట్' అంటే నిలదీయడం అనుకుని ఆ జవాబు ఎప్పుడూ కొట్టేసేదాన్ని. థెరపీలో అది క్లయింటు చెప్పేదానికీ చేసేదానికీ మధ్య తేడాను మెల్లగా చూపించడం. ఇలాంటి ఓ నలభై మాటలకు తెలుగులో అర్థం రాసుకున్నాను. క్లయింటు మిమ్మల్ని 'అచ్చం మా అమ్మలాగే మాట్లాడతారు' అని అలిగితే అది ట్రాన్స్‌ఫరెన్స్, ఆమెను చూసి మీ చెల్లెలు గుర్తొచ్చి సెషన్ పొడిగిస్తే అది కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్. ఇలా సొంత మాటల్లో పెట్టుకుంటే నిలుస్తుంది.

ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు కొన్ని రాష్ట్రాల్లో అదనపు సమయం, నిఘంటువు అనుమతిస్తారు. మీ రాష్ట్ర లైసెన్సు బోర్డుకు ఈ వారమే ఈమెయిల్ పెట్టండి. అనుమతి వచ్చాకే తేదీ బుక్ చేసుకోండి. ఇది అడగడానికి సిగ్గుపడకండి. 2022లో ఈ పరీక్ష పెట్టే సంస్థ ఏఎస్‌డబ్ల్యూబీ తానే బయటపెట్టిన లెక్కల్లో, క్లినికల్ పరీక్షలో తొలిసారే పాసైనవాళ్లు తెల్లవాళ్లలో సుమారు 84 శాతం, నల్లజాతీయుల్లో 45 శాతం. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లూ వెనకబడే ఉన్నారు. ఆ తేడా మీద ఇక్కడ పెద్ద చర్చే జరిగింది. తప్పినప్పుడు నేను పనికిరానిదాన్నని వారం రోజులు ఏడ్చాను, ఈ అంకెలు అప్పుడే ఎవరైనా చూపించి ఉంటే బాగుండేది.

నేను రాసినప్పుడు 170 ప్రశ్నలు, నాలుగు గంటలు. అందులో 20 ప్రశ్నలు మార్కుల్లోకి రావు, ఏవో మనకు తెలియదు. ఎప్పుడూ వినని సిద్ధాంతం కనిపిస్తే టెన్షన్ పడకుండా ఒకటి గుర్తించి ముందుకెళ్లండి, తప్పుకు మార్కులు కోయరు. పరీక్ష విధానం మారుతూ ఉంటుంది, దరఖాస్తుకు ముందు ఏఎస్‌డబ్ల్యూబీ గైడు తాజాది చూసుకోండి. వాళ్లే అమ్మే పూర్తి నిడివి ప్రాక్టీస్ టెస్ట్‌ను చివరి రెండు వారాల దాకా ముట్టుకోకండి. ఆ రోజు పాపను ఎవరికైనా అప్పగించి, లేవకుండా ఒకే కూర్చుడులో రాయండి. నాకు మొదటిసారి 120వ ప్రశ్న దాటాక కళ్లు చదువుతున్నాయి, బుర్ర చదవడం లేదు. రోజూ గంటన్నర చదివేవాళ్లకు నాలుగు గంటల ఓపిక దానంతట అది రాదు.

మీరు తప్పిన ప్రాక్టీస్ ప్రశ్నల్లో రెండు మూడు మీ మాటల్లో ఇక్కడ రాయండి, ఏ జవాబు పెట్టారో, ఎందుకు పెట్టారో కూడా. శనివారం కూర్చుని ఒక్కోటి చూసి చెప్తాను.