పాఠకుల ప్రశ్నలు: ఒకే రెడ్ డాట్ సైట్, రెండు తుపాకులు

ప్రశ్న: ఎన్‌సీసీ రోజుల నాటి ఇష్టంతో ఇటీవల లైసెన్సు తీసుకుని పాయింట్ 22 రైఫిల్, పిస్టల్ కొన్నాను. రెండింటికీ పనికివస్తుందని ఒక చిన్న రెడ్ డాట్ సైట్ (చిన్న అద్దంలో ఎర్ర చుక్కను చూపి గురి కుదిర్చే పరికరం) తెచ్చుకున్నాను. రైఫిల్ మీద 50 మీటర్ల దూరంలో తూటాలు నడిమధ్యన పడుతున్నాయి గానీ, 10 మీటర్లలో సెంటీమీటరు కిందికి పోతున్నాయి. పిస్టల్ మీద చుక్క దొరకడమే కష్టంగా ఉంది, దొరికినా వణుకుతోంది. సైట్‌లోనే లోపముందా? ఊళ్లో చెరువు కట్ట దగ్గర పరీక్షించి చూడవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. చెరువు దగ్గర వద్దు. పాయింట్ 22 తూటా చిన్నదే అయినా కిలోమీటరు దాటి పోగలదు, నీటి మీద ఏటవాలుగా తగిలితే పిల్లలు విసిరే చిల్లపెంకులా ఎగిరి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. లైసెన్సు ఉన్న రేంజ్‌లో, వెనుక మట్టికట్ట ఉన్నచోటనే ఈ పని చేయాలి.

10 మీటర్లలో తూటా కిందికి పోవడం లోపం కాదు. రైఫిల్ మీద బిగించిన సైట్, తూటా వెళ్లే తుపాకీ గొట్టం మధ్యరేఖకు సుమారు 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి, మీ చూపు పైనుంచి తిన్నగా పోతుండగా, తూటా కింద బయలుదేరి కొద్దిగా పైకి లేస్తూ ఆ చూపును అందుకోవలసి ఉంటుంది. మీరు 50 మీటర్లకు సరిచేసుకున్నారు గనుక 10 మీటర్ల దగ్గర అది ఇంకా అందుకోలేదు. లెక్క వేసినా మీరు చెప్పిన సెంటీమీటరుకు దగ్గరగానే వస్తుంది.

ఇక అసలు పరీక్ష. సైట్‌ను ముందుగా రైఫిల్ మీదనే పరీక్షించండి, ఎందుకంటే రైఫిల్ బట్ (వెనుక భాగం) భుజానికి, చెంపకు ఆని కన్నును ప్రతిసారీ ఒకేచోటికి తెస్తుంది, ఇసుక బస్తా మీద ఆనిస్తే చేతి వణుకు కూడా చాలావరకు లెక్కలోంచి తప్పుకుంటుంది. 50 మీటర్ల దగ్గర ఐదు తూటాలు పేల్చి గ్రూపు (తూటాలు పడిన గుంపు) చూసుకోండి. తరువాత సైట్‌లో గురిని పక్కకు జరిపే మరను పది క్లిక్కులు కుడికి తిప్పి మరో ఐదు పేల్చండి. ఒక క్లిక్కు 1 ఎంఓఏ అని పెట్టె మీద రాసి ఉంటే (ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు, 100 మీటర్లలో 2.9 సెంటీమీటర్లు) గ్రూపు సుమారు 14.5 సెంటీమీటర్లు జరగాలి. అదే పది క్లిక్కులు వెనక్కి తిప్పితే గ్రూపు మొదటిచోటికే రావాలి. నా దృష్టిలో ఈ తిరిగి రావడమే సైట్ నాణ్యతకు అసలైన గుర్తు. చౌక సైట్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి.

తరువాత తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, దాన్ని బస్తాల మధ్య కదలకుండా ఉంచి, చేయి తగలనీయకుండా తలను మాత్రమే పక్కకు జరపండి. చుక్క అద్దం అంచుకు పోయినా టార్గెట్ మీద దాదాపు అక్కడే ఉండాలి. కొద్దిగా జరగడం సహజమే. బిగించిన స్క్రూ తల నుంచి మౌంట్ (సైట్‌ను తుపాకీకి పట్టి ఉంచే దిమ్మ) మీదకు గోళ్లరంగుతో సన్నని గీత ఒకటి గీసుకోండి. యాభై తూటాల తరువాత ఆ గీత విరిగి కనిపిస్తే, తప్పు సైట్‌ది కాదు, వదులైన స్క్రూది.

ఇదంతా నెగ్గిన సైట్‌నే పిస్టల్ మీదకు మార్చండి. రెండు తుపాకులకూ ఒకే అమరిక సరిపోదు, మార్చిన ప్రతిసారీ గురి మళ్లీ సరిచేసుకోవాలి. ఇక్కడ పరీక్ష సైట్‌కు కాదు, మీ మణికట్టుకు. చెంప ఆనించే చోటు లేదు, మణికట్టు రవ్వంత వంగినా చుక్క ఆ చిన్న అద్దంలోంచి జారిపోతుంది. వణుకు మీ చేతిలో మొదటినుంచీ ఉన్నదే, పాత ఫోర్‌సైట్ (గొట్టం కొసన ఉండే గురి పలక) దాన్ని ఇంత స్పష్టంగా చూపలేదు, అంతే. చుక్క కోసం అద్దంలో వెతకకండి. చూపు టార్గెట్ మీదే ఉంచి పిస్టల్‌ను కంటి ఎత్తుకు తీసుకురావడం ఖాళీ పిస్టల్‌తో రోజూ సాధన చేయండి. ఓరుగల్లు మే నెల ఎండలో చుక్క వెలిసిపోతే కాంతి పెంచండి, సాయంత్రం మరచిపోకుండా తగ్గించండి, లేకపోతే చుక్క ఉబ్బి టార్గెట్‌నే కప్పేస్తుంది.

ప్రశ్న: నా సైట్‌లో చుక్క గుండ్రంగా లేదు, తోక ఉన్న మిరపకాయలా కనిపిస్తోంది. మార్పించాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: దుకాణానికి పోకముందు ఖాళీ తుపాకీతో రెండు పనులు చేయండి. అద్దం వెనుక ఫోన్ కెమెరా పెట్టి ఫొటో తీయండి, అందులో చుక్క శుభ్రంగా ఉంటే లోపం దాదాపు మీ కంటిదే. తరువాత సైట్‌ను పక్కకు తిప్పి చూడండి. తోక సైట్‌తో పాటు తిరిగితే సైట్‌ది, తిరగకుండా ఉంటే కన్నుది. సిలిండర్ పవర్ (కంటి వంపు అన్నివైపులా సమానంగా లేనప్పుడు వాడే అద్దాల పవర్) అవసరమైన కళ్లకు చుక్క ఇలాగే సాగి కనిపిస్తుంది. కాంతి తగ్గిస్తే కొంత నయం, కంటి వైద్యుడు రాసే అద్దాలతో ఇంకా నయం.

ప్రశ్న: మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలకు తయారవుతోంది. రెడ్ డాట్ వాడవచ్చా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్‌కు అద్దాలు లేని మామూలు ఓపెన్ సైట్లే ఉండాలి, అద్దాల సైట్లు, రెడ్ డాట్లు పనికిరావు. ఆ డబ్బుతో పెల్లెట్లు కొనివ్వండి.