కత్తి పదును మీద ఆసక్తి ఉంటే ఏ కోర్సు?

ప్రశ్న: మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. నాన్న కమ్మరి. లారీ కమాన్ పట్టీలతో చేసే కత్తుల్లో కొన్ని పెచ్చులూడతాయి, కొన్ని తొందరగా మొద్దుబారతాయి. ఎందుకో తెలుసుకోవాలని నా ఆశ. ఇంట్లో కంప్యూటర్స్ తీసుకోమంటున్నారు. దీనికి చదువు ఉందా సార్?

జవాబు: ఉంది తమ్ముడూ. దాని పేరు మెటలర్జీ, అంటే లోహాల చదువు. మన వరంగల్ నిట్‌లోనే ఆ బ్రాంచి ఉంది.

నువ్వు చూసినవి రెండు వేర్వేరు గుణాలు. ఉక్కు గట్టిదైతే అంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. దెబ్బ తట్టుకునేలా చేస్తే అంచు వంగి మొద్దుబారుతుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాక మళ్లీ సన్నగా వేడి చేసేది ఈ రెంటినీ సర్దడానికే. అప్పుడు తళతళలాడే ఉక్కు మీద ఎండుగడ్డి రంగు పాకుతుంది, గమనించు. అది దాదాపు 200 డిగ్రీలు దాటినప్పుడు వచ్చే రంగు. ఇంకా వేడెక్కితే గోధుమ, ఊదా, నీలం వస్తాయి. ఒక్కో రంగుకూ గట్టితనం తగ్గుతూ పోతుంది.

ల్యాబ్‌లో గట్టితనాన్ని రాక్‌వెల్ మెషీన్ మీద, వజ్రపు మొనను 150 కిలోల బరువుతో నొక్కి కొలుస్తారు. దెబ్బ తట్టుకోవడాన్ని చార్పీ పరీక్షలో చూస్తారు: 10 మిల్లీమీటర్ల మందం, 55 మిల్లీమీటర్ల పొడవున్న ముక్కకు గాటు పెట్టి, ఊగే సుత్తితో విరగ్గొట్టి, ఎంత శక్తి పట్టిందో జౌల్స్‌లో లెక్కిస్తారు.

ఇంట్లో ఇప్పుడే మొదలుపెట్టు. ఒకే పట్టీ నుంచి రెండు కత్తులు చేయించి, ఒకదాన్ని ఎండుగడ్డి రంగు దగ్గరే ఆపి, రెండోదాన్ని మాత్రం గోధుమ రంగు వచ్చేదాకా వేడి చేయించు. రెండింటికీ ఒకే కోణంలో సాన పట్టు. కోణం మారితే నీ పోలికకు విలువ లేదు, ఇక్కడే చాలామంది తప్పుతారు. కొబ్బరి తాడు కోస్తూ, న్యూస్‌పేపర్‌ను చీల్చకుండా కోయలేని స్థితికి ఎన్ని కోతల్లో వచ్చిందో రాసుకో. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. గట్టిపడిన కత్తిని సుత్తితో కొట్టి మాత్రం చూడకు, ముక్కలు ఎగిరి కళ్లలో పడతాయి.

నిట్‌కు జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. సగం సీట్లు మన రాష్ట్రం వాళ్లకే, పైగా సీఎస్ఈకి అందని ర్యాంకుకూ మెటలర్జీ దొరుకుతుంది. ఎప్‌సెట్‌తో హైదరాబాద్ జేఎన్టీయూలోనూ చేరవచ్చు. ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్ అంత విరివిగా ఉండవు, మొదట్లో వేరే రాష్ట్రంలోని ఉక్కు కర్మాగారానికి వెళ్లాల్సి రావచ్చు. అయితే హైదరాబాద్‌లోనే ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధాని, రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉన్నాయి. గేట్ రాసి ఎంటెక్ చేసేవాళ్లకు దారులు పెరుగుతాయి.

మీ నాన్నగారికి ఒక మాట చెప్పు: నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మన కమ్మరులు కరిగించిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా పోయింది. రాసుకున్న నోట్సు కూడా ఆయన ముందు పెట్టి, ఏ కత్తి ఎందుకు నిలిచిందో ఆయన్నే అడుగు. ఇన్నేళ్లుగా కొలిమి దగ్గర నేర్చుకున్నది నీ చదువుకు అక్కరకొస్తుందని తెలిస్తే, కంప్యూటర్స్ మాట ఆయనే పక్కన పెట్టవచ్చు.