గల్ఫ్ స్ట్రీమ్ సుడులపై పరిశోధనకు ఏ పీజీ?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (ఎంపీసీ) రెండో ఏడాది. అట్లాంటిక్ సముద్రంలోని వెచ్చని ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్ మెలికలు, సుడులపై పరిశోధన చేస్తానంటోంది. మెరైన్ బయాలజీలో చేర్పించాలా? ఓడల్లో తిరగాల్సి వస్తుందా?

జవాబు: మెరైన్ బయాలజీ వద్దండి. ఆమెకు కావాల్సింది ఫిజికల్ ఓషనోగ్రఫీ, అంటే సముద్రపు నీటి కదలికల భౌతికశాస్త్రం. పేరుకే సముద్రం, రోజువారీ పని లెక్కలు, కంప్యూటరు. ఓడ ఎప్పుడైనా ఎక్కితే ఎక్కొచ్చు, తప్పనిసరేం కాదు.

గల్ఫ్ స్ట్రీమ్ అమెరికా తూర్పు తీరం వెంట వచ్చి కేప్ హటెరస్ దగ్గర ఒడ్డు వదిలేస్తుంది. అక్కణ్నుంచి మెలికలే. మెలిక పెరిగి, మెడ సన్నబడి తెగితే సుడి విడిపడుతుంది. ప్రవాహానికి ఉత్తరాన వెచ్చని నీటి సుడి సవ్యంగా, దక్షిణాన చల్లని నీటి సుడి అపసవ్యంగా తిరుగుతాయి. గోదావరి వంపులతో పోల్చకండి. ఇక్కడ కోసుకుపోవడానికి గట్టే లేదు. తేలికైన వెచ్చని నీరు, బరువైన చల్లని నీరు ఏటవాలుగా పక్కపక్కన నిలవడంలో దాగిన శక్తే మెలికను పెంచుతుంది. దీన్ని చదవాలంటే అవకలన సమీకరణాలు, వెక్టర్ కాలిక్యులస్, ఫ్లూయిడ్ డైనమిక్స్ తప్పవు.

ఫీజు కట్టే ముందు ఓ నెల పరీక్ష పెట్టుకోమనండి. యూరప్ సముద్ర సమాచార సేవ కోపర్నికస్ మెరైన్‌లో సముద్రమట్టం డేటా ఉచితం. పైథాన్‌లో ఎక్స్‌అర్రే లైబ్రరీతో తెరిచి, 37 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ప్రవాహానికి అడ్డంగా నీటిమట్టం వాలు (ఎంత దూరంలో ఎంత ఎత్తు మారిందో) తీయాలి. 100 కిలోమీటర్లలో మీటరు తేడా ఉంటే, వాలును 9.8తో గుణించి భూభ్రమణ ప్రభావాన్ని చెప్పే కోరియోలిస్ విలువ 0.0000877తో భాగిస్తే వేగం సెకనుకు సుమారు 1.1 మీటర్లు. మనిషి నడకంత! మెలిక ఉత్తరానికి తిరిగిన చోట వాలు తూర్పు–పడమరగా తీయాలి. చాలామంది తప్పేది అక్కడే: రేఖాంశం డిగ్రీని 111 కిలోమీటర్లుగా వేసేస్తారు. ఆ అక్షాంశంలో అది దాదాపు 89. వేగం 20 శాతం తక్కువొస్తుంది. గుండ్రటి సుడిలో ఈ సూత్రమే ఎందుకు కొంత తప్పుతుందో ఆమె తనంతట తాను అడిగితే, ధైర్యంగా పంపండి.

విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కొచ్చిన్ యూనివర్సిటీలలో ఓషనోగ్రఫీ విభాగాలున్నాయి. జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాస్తే ఐఐటీల్లో ఫిజిక్స్ లేదా మ్యాథ్స్ ఎమ్మెస్సీ చేసి కూడా ఇటు రావచ్చు. నన్నడిగితే ఈ రెండో దారే మేలు, పునాది గట్టిపడుతుంది. తర్వాత పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్, లేదా గేట్ ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్ పేపరు)లో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం రాయాలి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం), గోవాలోని ఎన్ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) లాంటి చోట్ల పోస్టులు తక్కువ, పీహెచ్‌డీ లేకుండా శాస్త్రవేత్తగా నిలదొక్కుకోవడం కష్టం. అట్లాంటిక్ దూరమనిపిస్తే మన కోస్తా వెంటే ఓ ప్రవాహముంది: నైరుతి రుతుపవనాలకు ముందు ఉత్తరానికి, అక్టోబరు తర్వాత దక్షిణానికి. దానికీ సుడులున్నాయి, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సరిపోతాయి.