బైక్ వేడి సరే, ఆ నొప్పి బిళ్లల సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 33. మాది సోంపేట దగ్గర పల్లె. శ్రీకాకుళంలో ఉంటూ బైక్ మీద డెలివరీ పని చేస్తున్నాను. మధ్యాహ్నం పూట డే అండ్ నైట్ జంక్షన్, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే ఇంజిన్ వేడికి కాళ్లు మాడిపోతున్నాయి. కుడి పిక్క లోపలివైపు వల అల్లినట్టు గోధుమరంగు మచ్చ వచ్చింది. నొప్పి, దురద లేవు. దారిలో బాత్రూమ్‌లు దొరకవని నీళ్లు తక్కువే తాగుతాను. సాయంత్రానికి తలనొప్పి, నడుం నొప్పి వస్తే మందుల షాపులో ఇచ్చే బిళ్లతో తగ్గిపోతోంది. పెళ్లయి ఏడాది. ఈ వేడికి పిల్లలు పుట్టరని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా? మచ్చకు ఏ క్రీమ్ రాయాలి? వేడి తట్టుకోవడం ఎలా?

జవాబు: మచ్చ గురించి, పిల్లల గురించి అడిగారు, చెబుతాను. కానీ నన్ను కంగారు పెట్టింది మీరు మధ్యలో మామూలుగా రాసేసిన మాట. నీళ్లు తాగరు, పైగా నొప్పికి బిళ్ల వేసుకుంటారు. ముందు దాని సంగతి చూద్దాం.

బిళ్ల పేరు రాయలేదు. ఇలాంటి నొప్పులతో వచ్చేవాళ్ల జేబులో స్ట్రిప్పు తీయించి చూస్తే చాలాసార్లు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఉంటాయి. "ఏటీ లేదు డాక్టరు గారూ, చిన్న బిళ్లే కదా" అంటారు. రోజంతా చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందడం కష్టమవుతుంది. అప్పుడు శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేసుకుని అక్కడి రక్తనాళాలను తెరిచి ఉంచుతుంది. ఇలాంటి నొప్పి బిళ్లలు పని చేసేదే ఆ పదార్థాలను ఆపి. అంటే కిడ్నీకి ఆసరా కావలసిన సమయంలోనే దాన్ని మీరు తీసేస్తున్నారు. డాక్టరు సలహాతో ఎప్పుడో ఒకసారి, నీళ్లు బాగా తాగుతూ వేసుకోవడం వేరు. ఎండలో తిరిగొచ్చి, గొంతు ఎండిపోయి ఉండగా, వారంలో చాలా రోజులు వేసుకోవడం వేరు. దాంతో పాటు గ్యాస్ బిళ్ల కూడా ఇస్తున్నారు కాబట్టి ఏమీ కాదని కొందరి ధీమా. గ్యాస్ బిళ్ల కడుపును కాపాడుతుందేమో గానీ కిడ్నీని కాపాడదు.

మీది సోంపేట వైపు అన్నారు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయంటేనే ఇది ఎంత పెద్ద సమస్యో అర్థమవుతుంది. ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతంలో ఆ జబ్బు ఎందుకు వస్తోందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నొప్పి బిళ్లలే కారణమని నేను అనడం లేదు. మీకు జబ్బు ఉందని కూడా అనడం లేదు, చూడకుండా ఎవరూ చెప్పలేరు. కానీ ఆ ప్రాంతం వారు ఎండలో పని చేస్తూ, నీళ్లు మానేసి, అడక్కుండా బిళ్లలు మింగడం నాకు ససేమిరా ఇష్టం లేదు. కిడ్నీ మొదట్లో నొప్పి పెట్టదు. పనితనం సగం వరకు పోయినా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థ పదార్థం) మామూలుగానే కనిపించవచ్చు. అందుకే ఒంట్లో బాగానే ఉందిగా అని వదిలేయకండి.

ఇక వేడి. మన దగ్గర తిరిగే చాలా బైకులకు ఇంజిన్‌ను చల్లార్చేది ఎదురుగాలే. బండి ఆగితే గాలి ఆగుతుంది, ఇంజిన్ మాత్రం మండుతూనే ఉంటుంది. కాబట్టి జంక్షన్‌లో అర నిమిషం దాటి ఆగాల్సి వస్తే ఆపేయండి, పెట్రోలూ మిగులుతుంది. ఇంజిన్ ఆయిల్ తగ్గిందేమో మెకానిక్‌తో చూపించండి. సైలెన్సర్ మీద రేకు కవచం ఊడిపోయి ఉంటే ఈ వారమే వేయించండి. మందపాటి కాటన్ ప్యాంటు, మడమ దాటే బూట్లు వేసుకోండి. హాఫ్ ప్యాంటుతో, లుంగీతో బండెక్కొద్దు. 60 డిగ్రీల వేడి లోహం చర్మానికి ఐదు సెకన్లు ఆనితే చాలు, కాలుతుంది. సైలెన్సర్ అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. ఎప్పుడైనా కాలితే 20 నిమిషాలు మామూలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. పేస్టు, సిరా, ఐసు వద్దు.

మీ మచ్చ కాలిన గాయంలా లేదు. చర్మం కాలనంత వేడి అదే చోట రోజూ తగులుతుంటే ఇలా వల అల్లినట్టు రంగు మారుతుంది. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని పని చేసేవాళ్లకూ వస్తుంది. మీ వర్ణనను బట్టి అదే అనిపిస్తోంది. వేడి తగలడం ఆగితే నెలల మీద మెల్లగా తగ్గవచ్చు, కొంత మిగిలిపోనూ వచ్చు. ఏ క్రీమూ రాయకండి. ముఖ్యంగా షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములు వద్దు. మచ్చ గట్టిపడినా, పుండు పడినా చర్మ వైద్యులు చూడాల్సిందే. ఆ చోట స్పర్శ తెలియకపోయినా అంతే.

పిల్లల విషయం. వృషణాలు శరీరం కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు బాగా తయారవుతాయి. ఎక్కువ వేడి తగిలితే కణాలు కొంత తగ్గవచ్చు. కానీ బైక్ నడిపితే పిల్లలు పుట్టరన్న మాట నిజం కాదు. వేడి తగ్గిస్తే మూడు నెలల్లో కొత్త కణాలు వస్తాయి. పెళ్లయి ఏడాదే కాబట్టి టెన్షన్ వద్దు. ఏడాదిగా ప్రయత్నిస్తున్నా కాకపోతే ఇద్దరూ కలిసి డాక్టరును కలవండి, మీ భార్యను ఒక్కదాన్నే పంపకండి.

నీళ్లు ఎన్ని తాగాలో లీటర్ల లెక్క వద్దు, మూత్రం లేత పసుపులో ఉండేలా చూసుకోండి. బండిలో సీసా పెట్టుకోండి. బాత్రూమ్ కోసం పెట్రోల్ బంకులో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో అడగండి, మొహమాటం ఎందుకు? మజ్జిగ మంచిది. కూల్‌డ్రింకులు నీళ్ల కిందికి రావు. కొబ్బరి నీళ్లు మాత్రం పరీక్షల తర్వాతే. క్రియాటినిన్ పెరిగి ఉంటే అందులోని పొటాషియం ప్రమాదం. ఎండలో తిరుగుతుండగా మాట తడబడినా, తికమకగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ కావచ్చు. పక్కనున్నవాళ్లు నీడలోకి చేర్చి, ఒళ్లు తడిపి, 108కి ఫోన్ చేయాలి. ఈ మాట మీ తోటి డెలివరీ కుర్రాళ్లకీ చెప్పి ఉంచండి.

ఈ వారంలోనే బీపీ, షుగర్, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ (ఒక రకం ప్రోటీన్) చూపించుకోండి. అంతవరకు షాపు బిళ్ల ఆపేయండి. తలనొప్పి మరీ ఎక్కువైతే పారాసిటమాల్ మోతాదులో వాడవచ్చు, అదీ లివర్ జబ్బు, మద్యం అలవాటు లేకపోతేనే. రోజూ సాయంత్రం తలనొప్పి రావడం నీళ్ల లోటు కావచ్చు, బీపీ కావచ్చు, కళ్లద్దాలు అవసరమై కావచ్చు. ఇంత దూరం నుంచి చెప్పలేను. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ బిళ్లల స్ట్రిప్పు వెంట తీసుకెళ్లి, ఎన్ని నెలలుగా వాడుతున్నారో దాచకుండా చెప్పండి.