‘ఊపిరితిత్తుల నరాల వాపు’ అనవచ్చా?

సందేహం: మా అక్క కూతురికి ‘టకయాసు ఆర్టరైటిస్’ అనే రక్తనాళాల జబ్బు ఉందని తేలింది. ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల దాకా పాకిందట. ఇంట్లో పెద్దవాళ్లకు ‘ఊపిరితిత్తుల నరాల వాపు’ అని చెప్పాను. అయితే నరాల డాక్టరుకు చూపించాల్సిందేనని పట్టుబట్టారు. నేను వాడిన మాట తప్పా? వైద్య వ్యాసాల్లో వాపుకు వాడే మాట ‘శోథ’ అనాలా, ‘శోధ’ అనాలా?

సమాధానం: అమ్మాయి త్వరగా కోలుకోవాలి. ఇక మీ మాట సంగతి. అది తప్పు తెలుగు కాదు, కానీ ఈ సందర్భానికి పనికిరాదు.

నరం మన సొంత పదం. తమిళంలో నరంబు, కన్నడంలో నర. ఈ ఒక్క మాటతోనే మనం చాలా పనులు నడుపుతాం. సెలైన్ పెట్టడానికి ‘నరం దొరకలేదు’ అంటే అది సిర. ‘గుండె నరాలు బ్లాక్ అయ్యాయి’ అంటే ధమనులు. ‘మెడ నరం పట్టేసింది’ అంటే చాలాసార్లు కండరం. ‘నరాల బలహీనత’ దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా వేరే వ్యవస్థ, మెదడుకూ ఒంటికీ మధ్య సంకేతాలు మోసేది. పక్కన సెలైనో గుండో ఉంటే అర్థం తేటపడుతుంది. ‘ఊపిరితిత్తుల నరాలు’ అన్నప్పుడు ఆ ఆసరా లేదు, అందుకే మీ పెద్దవాళ్లు న్యూరాలజిస్టు వైపు వెళ్లారు. ఈ జబ్బును ముఖ్యంగా చూసేది రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం లాంటి జబ్బుల డాక్టరు. కాబట్టి ఇక్కడ ‘రక్తనాళాలు’ అనండి, అందరికీ తెలిసిన మాటే. పాఠ్యపుస్తకాల్లో ఊపిరితిత్తులకు వెళ్లే ధమనికి ‘పుపుస ధమని’ అనే మాట ఉంది. వ్యాసం రాస్తే అది వాడండి, ఇంట్లో వద్దు.

‘వాపు’తో ఇంకో చిక్కు. వాపంటే మనకు పైకి కనిపించేది: కాలు వాచింది, బుగ్గ వాచింది. రక్తనాళం వాచిందంటే బెలూన్‌లా ఉబ్బిందనుకుంటారు. ఈ జబ్బులో ఎక్కువగా జరిగేది దానికి ఎదురు. వాచేది నాళం గోడ. గోడ మందమయ్యే కొద్దీ లోపల రక్తం వెళ్లే దారి సన్నబడుతుంది. ఊపిరితిత్తుల ధమనిలో అలా జరిగితే ఆయాసం, ఛాతీ నొప్పి వస్తాయి, ఒక్కోసారి దగ్గులో రక్తం పడుతుంది. కొందరిలో గోడ బలహీనపడి నాళం ఉబ్బడమూ ఉంది, కానీ దానికి అన్యూరిజమ్ అని వేరే పేరు. అందుకని ‘వాపు’ను ఒంటరిగా వదలకండి. ‘ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల గోడలు వాచి, లోపల దారి ఇరుకైంది’ అని చెప్పండి. వాక్యం కాస్త పొడుగైనా ఫరవాలేదు, విన్నవాళ్లకు జబ్బు అర్థమవుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. టకయాసు అన్నది జపాన్ కంటి వైద్యుడి పేరు. ఒక యువతి కంటిలో రక్తనాళాలు వింతగా అల్లుకుపోయి ఉండటాన్ని ఆయన 1908లో వివరించారు. అలాంటి రోగులకే మణికట్టు దగ్గర నాడి తెలియడం లేదని మరో ఇద్దరు జపాన్ వైద్యులు చెప్పారు. అలా దీనికి ఇంగ్లిషులో ‘పల్స్‌లెస్ డిసీజ్’ అనే పేరూ వచ్చింది. దాన్ని ‘నాడి అందని జబ్బు’ అని మాత్రం తెలుగు చేయకండి. మన దగ్గర ‘నాడి అందడం లేదు’ అంటే ప్రాణం పోతోందని. ఆ మాట చెవిన పడితే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. నిజానికి గుండె మామూలుగానే కొట్టుకుంటూ ఉంటుంది. చేతికి వెళ్లే ధమని ఇరుకై ఆ మణికట్టు దగ్గర నాడి తెలియదు, అంతే. ఈ జబ్బు ఎక్కువగా నలభై ఏళ్లలోపు ఆడవాళ్లకే వస్తుంది. వాళ్ల ముందు ఇలాంటి మాట వాడేటప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి.

చివరిగా, ‘శోథ’ సరైనది, థకారంతో. ‘శోధ’ అని రాస్తే అది శోధించడం, శోధన వైపు వెళుతుంది. సంస్కృతంలో శోథ అన్నా వాపే. ఇన్‌ఫ్లమేషన్ (ఒంటి రక్షణ వ్యవస్థ స్పందన వల్ల వచ్చే వాపు) అనే ప్రత్యేకార్థం మనం వాడుకలో దానికి కట్టిపెట్టాం. ‘ధమనీశోథ’ అని వైద్య వ్యాసంలో నిక్షేపంగా రాయవచ్చు. మీ పెద్దవాళ్లకు మాత్రం పైన చెప్పిన పొడుగు వాక్యమే చెప్పండి.